పాత మంచం పట్టెతో మూడు తీగల ఎలక్ట్రిక్ గిటారు తయారుచేయడం ఎలా?

ఇంటి అటక మీద పడివున్న సామానుతో ఎలక్ట్రిక్ గిటారు చేయడం సాధ్యమే. అయితే రెండు వస్తువులను మాత్రం డబ్బు పెట్టి కొనుక్కోవలసిందేనని మొదటే చెప్పడం మంచిది. ఒకటి తీగలు, రెండవది వాటిని బిగించే ట్యూనింగ్ కీలు. తుప్పు పట్టిన తీగ ఎంత బిగించినా శ్రుతిలో నిలవదు. ఉక్కు తీగల లాగుడుకు చేత్తో చెక్కిన బిరడాలు జారిపోతాయి. ఈ రెండింటి ఖర్చును తప్పించుకోబోయి మిగతా శ్రమనంతా వృథా చేసుకున్నవారిలో, మొదటి ప్రయత్నంలో, నేనూ ఒకడిని. మిగిలినవన్నీ, అంటే చెక్క, మెట్లు (వేలితో తీగను ఒత్తడానికి మెడ మీద అడ్డంగా ఉండే కడ్డీలు), బ్రిడ్జి (తోక వైపు తీగలు ఆనుకునే ఆధారం), అయస్కాంతాలు, రాగి తీగ, వాల్యూమ్ నాబు, ఇంట్లోనో పాత సామాన్ల కొట్టులోనో దొరుకుతాయి.

పని మొదలుపెట్టే ముందు ఈ వాద్యం ఎలా పలుకుతుందో తెలుసుకుంటే, ఏ భాగం విషయంలో జాగ్రత్త పడాలో, ఏ భాగాన్ని తేలికగా తీసుకోవచ్చో అర్థమవుతుంది. మామూలు గిటారులో తీగ కంపనాన్ని డొల్లగా ఉన్న చెక్కపెట్టె పెద్దది చేసి వినిపిస్తుంది. ఎలక్ట్రిక్ గిటారులో ఆ పని పెట్టెది కాదు. తీగల కింద ఒక అయస్కాంతం, దాని చుట్టూ వేల చుట్లు చుట్టిన సన్నని రాగి తీగ ఉంటాయి. దీనినే పికప్ అంటారు. అయస్కాంత క్షేత్రంలో ఉక్కు తీగ ఊగినప్పుడు ఆ క్షేత్రం మారుతూ ఉంటుంది కాబట్టి, 1831లో ఫారడే కనుగొన్న సూత్రం ప్రకారం, రాగి చుట్టలో అతి స్వల్పమైన విద్యుత్తు పుడుతుంది. యాంప్లిఫయరు పెంచి వినిపించేది ఆ విద్యుత్తునే. 1930లలో అమెరికాలో వెలువడిన తొలి ఎలక్ట్రిక్ గిటార్లలో ఒకటి అసలు చెక్కే లేకుండా పోత పోసిన అల్యూమినియంతో తయారైంది; దాని ఆకారం చూసి జనం దానికి వేపుడు పెనం అని పేరు పెట్టారు. కాబట్టి మీ చెక్క ఏ జాతిదన్న బెంగ అక్కరలేదు. అది వంగకుండా, కదలకుండా ఉంటే చాలు.

ఆరు తీగలు కాకుండా మూడే ఎందుకంటే, ఆరు తీగలు కలిసి మెడను సుమారు 40 నుంచి 45 కిలోల బలంతో లాగుతాయి. ఆ లాగుడును తట్టుకోవడానికి కొన్న గిటార్ల మెడలో ఉక్కు కడ్డీ ఒకటి పొదిగి ఉంటుంది. మూడు తీగల లాగుడు 20 కిలోలకు కొద్దిగా పైన ఉంటుంది. దానిని 24 మి.మీ. మందం గల ఎండిన టేకు ఒంటరిగానే మోయగలదు. తీగలు తక్కువైతే వాద్యం చిన్నబోతుందనుకోవద్దు. పాలకొల్లులో పుట్టిన మాండొలిన్ శ్రీనివాస్, నాలుగు జంట తీగలుండే పరదేశపు వాద్యాన్ని అయిదు ఒంటి తీగల ఎలక్ట్రిక్ వాద్యంగా మార్చుకుని, దాని మీదే కర్ణాటక సంగీతం మొత్తం పలికించాడు.

చెక్కను ఎంచుకోవడం, కోయడం

దీనికి నా దృష్టిలో నవారు మంచం పట్టెను మించిన చెక్క లేదు. అది పొడవైనది, తిన్ననిది, పైగా నలభై యాభై ఏళ్లు ఇంట్లోనే ఉండి పూర్తిగా ఎండినది. కొత్త టేకు కొంటే అది ఇంకా ఆరుతూ, నెలరోజుల్లో మెలిపడవచ్చు. మంచం లేనివారు పాత ద్వారబంధం ముక్కనో, కిటికీ కమ్మీనో తీసుకోవచ్చు. ప్లైవుడ్డు, పార్టికల్ బోర్డు మెడకు పనికిరావు. మీకు కావలసినది 900 మి.మీ. పొడవు, 60 మి.మీ. వెడల్పు, కనీసం 35 మి.మీ. మందం గల ఒకే ముక్క. దానిని బల్ల అంచున పెట్టి ఒక కన్ను మూసి చివరి నుంచి చూడండి. వంకర కనిపిస్తే ఆ ముక్కను పక్కన పెట్టండి; చిత్రిక పట్టి సరిచేయవచ్చుననుకుంటే మందం తరిగిపోతుంది.

పాత చెక్క మీద పాత రంగు ఉంటే దానిని పొడిగా గీకవద్దు. ఇళ్లకు వేసే రంగుల్లో సీసాన్ని 90 పీపీఎంకు, అంటే పది లక్షల భాగాల్లో 90 భాగాలకు, పరిమితం చేసే నియమం మన దేశంలో 2017 చివర్లో గాని అమలులోకి రాలేదు. అంతకు ముందరి రంగు పొడిలో సీసం ఉండవచ్చు. చెక్కను తడిపి, ఆరుబయట, ముక్కుకు మాస్కు కట్టుకుని గీకండి. పిల్లలను ఆ దగ్గరకు రానివ్వకండి. లోపల మేకులు విరిగి ఉన్నాయేమో ఒక అయస్కాంతాన్ని దారానికి కట్టి చెక్క పొడుగునా నడిపించి చూడండి. ఒక్క మేకు చాలు, రంపం పళ్లు పోవడానికి.

పుచ్చు రంధ్రాలు ఒకటి రెండు ఉన్నా భయపడనక్కరలేదు. ఇంగ్లండులో బ్రయన్ మే అనే కుర్రవాడు తండ్రి హెరాల్డుతో కలిసి 1963 ఆగస్టులో ఇంట్లోనే ఒక గిటారు మొదలుపెట్టి సుమారు రెండేళ్లు శ్రమించాడు. మెడకు పద్దెనిమిదో శతాబ్దపు నిప్పుగూటి అలంకరణ చెక్క వాడాడు. అందులోని పుచ్చు రంధ్రాలను అగ్గిపుల్లలతో పూడ్చాడు. మెడ మీది గుర్తులకు ముత్యపుచిప్ప గుండీలు, స్వరం వణికించే మీటకు 1928 నాటి పాంథర్ మోటారు సైకిలు వాల్వు స్ప్రింగులు పనికివచ్చాయి. తరువాత క్వీన్ అనే రాక్ సంగీత బృందంలో ఆయన జీవితమంతా వాయించినది ఆ గిటారునే. 2002లో బకింగ్‌హామ్ రాజభవనం పైకప్పు మీద నిలబడి వాయించినదీ అదే. కాబట్టి పుచ్చు రంధ్రంలో పన్నుపుల్లను ఫెవికాల్‌లో ముంచి దూర్చి, ఆరాక కోసేయండి. రంధ్రాల చుట్టూ పొడి ఇంకా రాలుతూ ఉంటే మాత్రం పురుగు లోపలే ఉన్నట్టు, అది వంటచెరకు.

మెడకూ ఒంటికీ వేరువేరు ముక్కలు చేసి అతకడం కొత్తవారికి కష్టం, అతుకు ఒక్క డిగ్రీ వాలినా తీగలు మెట్లకు అందకుండా పోతాయి. అందుచేత తల నుంచి తోక దాకా ఒకే ముక్కగా ఉంచి, ఒంటి దగ్గర మాత్రం రెండు పక్కలా రెక్కలు అతికిద్దాం. ముందుగా ముక్క పైభాగాన్ని చిత్రికతో చదును చేసి, ఉక్కు స్కేలు అంచు నిలబెట్టి వెలుతురులో చూడండి. స్కేలు కింద నుంచి వెలుతురు కనిపించకూడదు. తరువాత ఒక చివర నుంచి 150 మి.మీ. కొలిచి, మూలమట్టం పెట్టి అడ్డంగా గీత గీయండి. ఆ గీత దగ్గర తీగలు ఆనుకునే నట్ వస్తుంది, ఆ పైనున్నది తల. నట్ నుంచి 635 మి.మీ. దూరంలో బ్రిడ్జి గీత వస్తుంది. నట్ నుంచి 370 మి.మీ. వరకు మెడ, అక్కడ వెడల్పును రెండు పక్కలా సమానంగా కోసి 38 మి.మీ.కు, మందాన్ని వెనుక నుంచి తగ్గించి 24 మి.మీ.కు తేవాలి. తలను కూడా వెనుక నుంచి 24 మి.మీ.కు తెచ్చాక, దాని పైముఖాన్ని 9 మి.మీ. లోతు దించి 15 మి.మీ. మందం మిగల్చండి. ఇలా తల కిందికి దిగి ఉండడం వల్లనే తీగ నట్ మీద గట్టిగా ఒత్తుకుని కూర్చుంటుంది. మెడ వెనుకభాగాన్ని ఆకురాయితోనూ గరుకు కాగితంతోనూ గుండ్రం చేసేటప్పుడు కొలతకన్నా అరచేతిని నమ్మండి.

రెక్కలకు విరిగిన టీపాయి పలకో, అల్మరా అరో చాలు. రెక్కల పైముఖం మెట్లుండే ముఖానికన్నా ఎత్తుగా ఉండకూడదన్నది ఒక్కటే నియమం. అతికే అంచులకు ఫెవికాల్ రాసి, పాత సైకిలు ట్యూబును పట్టీలుగా కోసి గట్టిగా సాగదీస్తూ నాలుగైదు చుట్లు చుట్టి, ఒక రాత్రంతా కదపకుండా ఉంచండి. బిగింపు పనిముట్లు లేని ఇంట్లో ట్యూబు పట్టీ చేసేంత పని మరేదీ చేయదు. రెక్కల ఆకారం మీ ఇష్టం. అమెరికా గిటారు వాద్యకారుడు లెస్ పాల్ 1940 ప్రాంతంలో నాలుగు అంగుళాల పైన్ దిమ్మె మీద తీగలు, పికప్పు బిగించి, చూసేవారి కోసం మాత్రమే దానికి మామూలు గిటారు రెక్కలను తగిలించాడు; స్వరం దిమ్మెలోనే ఉంది.

మెట్లు: కొలత తప్పకూడని చోటు

వీణ మీద మెట్లను మైనంలో నిలబెడతారు. స్వరం తేడా వస్తే మైనాన్ని వేడిచేసి మెట్టును సర్దుకోవచ్చు. మనం మెట్లను అరల్డైట్‌తో శాశ్వతంగా అతికించబోతున్నాం కాబట్టి ఆ వెసులుబాటు లేదు. కింది దూరాలన్నీ నట్ నుంచి మిల్లీమీటర్లలో కొలవాలి, ఒక మెట్టు నుంచి తరువాతి మెట్టుకు కాదు.

మొదటి మెట్టు 35.6, రెండు 69.3, మూడు 101.0, నాలుగు 131.0, అయిదు 159.3, ఆరు 186.0, ఏడు 211.2, ఎనిమిది 235.0, తొమ్మిది 257.4, పది 278.6, పదకొండు 298.6, పన్నెండు 317.5, పదమూడు 335.3, పద్నాలుగు 352.1; పదిహేను 368.0.

ఈ అంకెలు ఎక్కడివంటే, మిగిలిన తీగ పొడవును ప్రతిసారీ 17.817తో భాగిస్తే వచ్చినంత దూరంలో తరువాతి మెట్టు వస్తుంది. అలా పన్నెండు మెట్లు దాటేసరికి తీగ సరిగ్గా సగమవుతుంది, స్వరం తారస్థాయి చేరుతుంది. మీ పట్టె చిన్నదై వేరే పొడవు తీసుకోవలసివస్తే ఈ భాజకంతోనే లెక్క వేసుకోండి. నేను మొదటి గిటారుకు ఒక మెట్టు పెట్టి, అక్కడ స్కేలు పెట్టి తరువాతి మెట్టు కొలిచాను. ప్రతిసారీ పెన్సిలు గీత మందమంత తప్పు కలిసి, పన్నెండో మెట్టు దగ్గరకు వచ్చేసరికి అది దాదాపు 3 మి.మీ. అయింది. కింద శ్రుతిగా ఉన్న వాద్యం పైకి పోయేకొద్దీ అపస్వరం పలికింది. ఆ మెడను ఇప్పుడు కిటికీ తలుపుకు అడ్డుకర్రగా వాడుతున్నాం. మీటరు పొడవు ఉక్కు స్కేలు తెచ్చుకుని, దానిని టేపుతో చెక్కకు అంటించి, ఒక్కసారి కూడా కదపకుండా పదిహేను గుర్తులూ చాకు మొనతో పెట్టండి, పెన్సిలు వద్దు.

మెట్లకు సైకిలు చక్రం పుల్లలు చక్కగా సరిపోతాయి. మామూలు పుల్ల మందం 2 మి.మీ. ఉంటుంది, తుప్పు పట్టని స్టీలు పుల్లలైతే మరీ మేలు. మూడు పుల్లలను 38 మి.మీ. ముక్కలుగా కత్తిరిస్తే పదిహేను మెట్లూ వచ్చేస్తాయి. ప్రతి గుర్తు మీద మూలమట్టం ఆనించి, ముందు సన్నని రంపంతో గాటు పెట్టి, ఆ గాటును ముక్కోణపు ఆకురాయితో 1 మి.మీ. లోతు కాలువగా తెరవండి. పుల్ల సగం కాలువలో కూర్చుని సగం పైకి కనిపించాలి. అతికించే ముందు పుల్లను గరుకు కాగితంతో రుద్దకపోతే అరల్డైట్ పట్టదు. కాలువలో సన్నగా జిగురు పెట్టి, పుల్లలను కూర్చోబెట్టి, పైన చదునైన చెక్క, దాని మీద ఇటుకలు పెట్టి ఒక రోజు వదిలేయండి. బరువు మీదే అన్నీ ఒకే ఎత్తుకు వస్తాయి.

ఆరిన తరువాత స్కేలు పొట్టి ముక్కను ఒకేసారి మూడు మెట్ల మీద ఆనేలా పెట్టి ఊపండి. అది తూగుటుయ్యాలలా ఊగితే మధ్య మెట్టు ఎత్తుగా ఉన్నట్టు. చదునైన ఆకురాయితో దానిని అరగదీయండి. ఈ పరీక్షను పై నుంచి కింద దాకా మూడు తీగల వరుసలోనూ చేయాలి. విసుగు పుట్టించే పనే అయినా, తీగ జరజర మోగడానికి నూటికి తొంభై సార్లు కారణం ఇక్కడే ఉంటుంది. చివరగా మెట్ల కొసలను వేళ్లకు కోసుకోకుండా నునుపు చేయండి.

నట్ కోసం విరిగిన ఇత్తడి గడియ కడ్డీ ముక్కను 38 మి.మీ.కు కోసి, నట్ గీత మీద కాలువ తవ్వి, కడ్డీ మధ్యరేఖ సరిగ్గా గీత మీదకు వచ్చేలా అతికించండి. దాని మీద తీగలు కూర్చునే మూడు గాట్లను 12 మి.మీ. ఎడంలో పెట్టి, గాటు అడుగు మెట్టు ఎత్తుకన్నా అర మిల్లీమీటరు పైన ఉండేలా ఆపండి. ఎక్కువ లోతు పోతే మొదటి మెట్టు మీద తీగ గలగలలాడుతుంది, అప్పుడు కడ్డీని పీకి మళ్లీ మొదలుపెట్టడమే.

పికప్: చేతికి పని, కంటికి ఓపిక

కొన్న పికప్పులలో 0.063 మి.మీ. మందం గల రాగి తీగ ఏడెనిమిది వేల చుట్లు ఉంటుంది. వెంట్రుక అంత సన్నని ఆ తీగ మోటార్ రివైండింగ్ షాపుల్లో సాధారణంగా దొరకదు. ఫ్యాన్లకు వాడే తీగ అంతకు చాలా లావు. పాత బ్యాటరీ ఎలిమినేటరు మనకు పనికివచ్చేది ఇక్కడే. అందులోని ట్రాన్స్‌ఫార్మరుకు రెండు చుట్టలుంటాయి: లావు తీగ ఉన్నది తక్కువ వోల్టుల వైపు, సన్న తీగ ఉన్నది 230 వోల్టుల వైపు. ఆ సన్న తీగ 0.1 మి.మీ. అటుఇటుగా ఉంటుంది, అదే మనకు కావాలి. ఎలిమినేటరు ప్లగ్గు తీసేసి ఒక రోజైనా గడిచాకే విప్పండి. ఇనుప రేకులు వార్నిషుతో అంటుకుని ఉంటాయి. మొదటి రేకును సన్నని స్క్రూడ్రైవరుతో లేపితే తక్కినవి ఊడివస్తాయి. తీగ ఒకచోట తెగినా అతుకు పెట్టుకోవచ్చు గాని, అతుకులు మూడు దాటితే మరో ఎలిమినేటరు వెతుక్కోవడం మేలు.

కాయిలు చుట్టే బాబిన్‌కు గడువు ముగిసిన ఏటీఎం కార్డు తీసుకుని, 42 మి.మీ. పొడవు, 20 మి.మీ. వెడల్పు ముక్కలు రెండు కోయండి. రెండింటికీ ఒకే చోట, 13 మి.మీ. ఎడంలో మూడు రంధ్రాలు పెట్టి, మూడు ఇనుప మరలను గుచ్చి, ముక్కల మధ్య 12 మి.మీ. జాగా ఉండేలా అరల్డైట్ పెట్టండి. మరలు అయస్కాంతానికి అంటుకునేవై ఉండాలి. స్టెయిన్‌లెస్ మరలలో కొన్ని అంటుకోవు, కాబట్టి ఒకసారి చూసుకోండి. తీగ చుట్టబోయే ముందు మరలపై రెండు చుట్లు టేపు వేయండి. మర అంచుకు తీగపై ఇనామెల్ గీరుకుపోతే చుట్లు ఒకదానికొకటి తగిలి, మీటరు మీద అంతా బాగున్నట్టు కనిపిస్తూనే స్వరం నీరసంగా వస్తుంది.

చుట్టడానికి చేతితో తిప్పే డ్రిల్లు ఉత్తమం. అది లేకపోతే కుట్టుమిషను దారం కండె చుట్టే చక్రం. డ్రిల్లు పిడి ఒకసారి తిప్పితే బాబిన్ ఎన్నిసార్లు తిరుగుతుందో ముందుగా లెక్కపెట్టుకుని, మొత్తాన్ని దానితో భాగించండి. మన లక్ష్యం 2,500 చుట్లు. వంద పిడి చుట్లకొకసారి కాగితం మీద గీత గీసుకోవాలి. ఎడమచేతి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య మెత్తని గుడ్డపేలిక పెట్టి, దాని లోంచి తీగను జారనిస్తూ, ఆ చివర నుంచి ఈ చివరకు నెమ్మదిగా నడిపించండి. తీగ బిగువుగా ఉన్నట్టు వేలికి తెలియాలి, సాగుతున్నట్టు తెలియకూడదు. ఆ తేడా చెప్పడం కష్టం. తీగ ఒకటి రెండుసార్లు తెగాక వేళ్లకే తెలుస్తుంది. నాకు 1,700 చుట్ల దగ్గర ఫ్యాను గాలికి తీగ ఎగిరి పిడికి చుట్టుకుని తెగింది. ఫ్యాను ఆపి కూర్చోండి, వేసవి అయినా సరే.

తెగితే రెండు కొసలనూ గరుకు కాగితంతో సున్నితంగా రుద్ది ఇనామెల్ పోగొట్టి, మెలిపెట్టి, టంకం వేసి, చిన్న టేపు ముక్క మధ్య పెట్టి ముందుకు సాగండి. అంతా అయ్యాక మొదటి కొసకూ చివరి కొసకూ కాస్త లావుపాటి మెత్తని వైర్లు అతికి, మల్టీమీటరుతో చూస్తే 400 నుంచి 700 ఓముల మధ్య రావాలి. ఏమీ చూపకపోతే తీగ లోపలెక్కడో తెగింది.

తరువాత మైనపు స్నానం. వదులుగా ఉన్న చుట్లు పెద్ద శబ్దానికి అదిరి కీచుమంటాయి కాబట్టి, కరిగిన కొవ్వొత్తి మైనాన్ని చుట్ల మధ్యకు ఇంకనివ్వాలి. మైనాన్ని నేరుగా మంట మీద పెడితే అంటుకుంటుంది. ఒక గిన్నెలో వేడినీళ్లు, అందులో మైనం ఉన్న చిన్న డబ్బా పెట్టి కరిగించి, పికప్పును పది నిమిషాలు ముంచండి. గాలి బుడగలు రావడం ఆగితే ఇంకినట్టే. నీళ్లు మరగనివ్వవద్దు, వేడి ఎక్కువైతే ఏటీఎం కార్డు మెత్తబడి వంగిపోతుంది.

అయస్కాంతాలు పాత ఇయర్‌ఫోన్లలోనూ, అల్మరా తలుపు పట్టివుంచే బిళ్లల్లోనూ ఉంటాయి. ఫ్రిజ్‌కు అంటించే మెత్తని బొమ్మల అయస్కాంతం పనికిరాదు. అందులో ఉత్తర దక్షిణాలు సన్నని చారలుగా మారుతుంటాయి. హార్డ్ డిస్కు అయస్కాంతం బలమైనదే గాని దాని ఒకే ముఖం మీద రెండు ధ్రువాలూ పక్కపక్కన ఉంటాయి. మూడు మరల అడుగున మూడు చిన్న అయస్కాంతాలను అంటించేటప్పుడు అన్నింటికీ ఒకే ధ్రువం పైకి ఉండాలి. ఒక అయస్కాంతానికి పై ముఖాన సిరా చుక్క పెట్టి, మిగిలినవాటిని దాని మీద పేర్చి, అవి అతుక్కున్న వరుసలోనే పై ముఖాలన్నింటికీ చుక్కలు పెడితే పొరపాటు జరగదు. బ్రయన్ మే మొదట స్వయంగా చేసిన పికప్పులలో ధ్రువాలు ఒకటి మార్చి ఒకటి రావడంతో, తీగను పక్కకు లాగి వాయించినప్పుడు వింత శబ్దం వచ్చేది. చివరకు ఆయన కొన్న పికప్పులను పెట్టుకున్నాడు.

బిగింపు, వైరింగు

బ్రిడ్జి గీతకు 100 మి.మీ. ఇవతల, చెక్కలో పికప్పు పట్టేంత గుంతను ఉలితో తొలిచి, పికప్పు కింద రెండు స్పాంజి ముక్కలు పెట్టండి. ఎత్తును తరువాత సర్దుకోవడానికి అవి ఉపయోగపడతాయి. వాల్యూమ్‌కు పాత రేడియోలోని 10 కిలో ఓముల నుంచి 100 కిలో ఓముల వరకు ఏ పాట్ (నాబు కింద ఉండే మూడు కాళ్ల పొటెన్షియోమీటరు) అయినా సరే. పికప్పు లోపలి కొస పాట్ ఒక పక్క కాలుకు, పాట్ మధ్య కాలు జాక్ (యాంప్లిఫయరు వైరును దూర్చే సాకెట్టు) మొనకు, పాట్ రెండో పక్క కాలు, పికప్పు బయటి కొస, జాక్ ఒంటి భాగం మూడూ ఒకచోటకు కలవాలి. ఆ మూడూ కలిసినది గ్రౌండు. గ్రౌండు నుంచి ఒక వైరును బ్రిడ్జికి కూడా తీసుకువెళ్లండి. అప్పుడు తీగలను ముట్టుకోగానే 50 హెర్ట్జుల గుయ్ మనే మోత చాలావరకు తగ్గుతుంది. గుంత లోపల అన్నం పొట్లాలు కట్టే అల్యూమినియం రేకును అతికించి దానినీ గ్రౌండుకు కలపాలి. ఆ రేకుకు టంకం పట్టదు, చిన్న మర, వాషరుతో వైరును ఒత్తిపెట్టండి. నాబు తిప్పితే శబ్దం తలకిందులుగా పెరుగుతుంటే పాట్ రెండు పక్క కాళ్లనూ మార్చుకుంటే సరి.

తీగల తోక పట్టివుంచడానికి పాత ఇత్తడి తలుపు బందు చాలు: ఒక రెక్కను చెక్క తోకకు మరలతో బిగించి, రెండో రెక్క రంధ్రాల్లోంచి తీగలను దూర్చితే, తీగ చివరి గుండు అక్కడ ఆగుతుంది. బ్రిడ్జిగా 8 మి.మీ. బోల్టును అడ్డంగా ఒక చెక్క పీట మీద పెట్టండి. మర చాళ్లలో తీగలు వాటంతటవే కూర్చుంటాయి. బోల్టును అతికించకండి, తీగల ఒత్తిడే దానిని పట్టివుంచుతుంది, కారణం కింద చెబుతాను.

దేనికి తగిలించాలి

మన పికప్పు చుట్లు తక్కువ, ఓములు తక్కువ. కొన్న గిటారు పికప్పుతో పోలిస్తే దాని శబ్దం చిన్నది, మామూలు గిటారు యాంప్లిఫయరుకు కొంచెం చాలదనిపిస్తుంది. అయితే పెళ్లిళ్లలో, భజనల్లో వాడే మైకు కూడా సుమారు 600 ఓములదే. అందుచేత మైకు జాక్ ఉన్న ట్రాలీ స్పీకరుకు దీనిని తగిలిస్తే, దాని కోసమే చేసినట్టు కలిసిపోతుంది. ఎలక్ట్రానిక్స్ తెలిసినవారు ఎల్‌ఎం386 చిప్పుతో 9 వోల్టుల బ్యాటరీ యాంప్లిఫయరు చేసుకోవచ్చు. 1, 8 కాళ్ల మధ్య 10 మైక్రోఫారడ్ కెపాసిటరు పెడితే శబ్దం 200 రెట్లు పెరుగుతుంది.

ఇక్కడ ఒక హెచ్చరిక. మీరు ముట్టుకునే తీగలు యాంప్లిఫయరు గ్రౌండుకు కలిసి ఉన్నాయి. ఎర్తు సరిగా లేని ఇంట్లో, రెండు పిన్నుల ప్లగ్గుతో నడిచే పాత యాంప్లిఫయరుకు లోపల ఏదైనా లోపం ఉంటే, ఆ కరెంటు తీగల ద్వారా మీ చేతికి వస్తుంది. బ్యాటరీ మీద నడిచే స్పీకరును, చార్జరు ఊడదీసి, వాడడమే క్షేమం. ప్లగ్గుతో నడిచేదే వాడవలసివస్తే మూడు పిన్నుల ప్లగ్గు, పనిచేసే ఎర్తు ఉన్నదే వాడండి. నేల తడిగా ఉన్నప్పుడు అసలు వద్దు.

తీగలు ఎక్కించి సర్దడం

దుకాణంలో 10–46 ఎలక్ట్రిక్ గిటారు తీగల సెట్ అడిగి, అందులోని అయిదు, నాలుగు, మూడు సంఖ్యల తీగలు మాత్రం ఎక్కించండి. నైలాన్ తీగలకు అయస్కాంతం స్పందించదు. లావు తీగను జి స్వరానికి అంటే 98 హెర్ట్జులకు, మధ్యదానిని డికి అంటే సుమారు 147కు, సన్నదానిని పై జికి అంటే 196కు శ్రుతి చేయండి. మనవారి భాషలో ఇది స, ప, తారస్థాయి స. ఏ మెట్టు మీదైనా మూడు తీగలనూ ఒకే వేలితో అడ్డంగా ఒత్తితే స్వరాలు కలిసే పలుకుతాయి కాబట్టి, మొదటి సాయంత్రమే ఏదో ఒక పాట చేతికి వస్తుంది. శ్రుతి చూడటానికి ఫోనులోని ట్యూనర్ యాప్ చాలు.

పన్నెండో మెట్టు దగ్గర తీగకూ మెట్టుకూ మధ్య ఎడం 2 నుంచి 2.5 మి.మీ. ఉండేలా బ్రిడ్జి పీటను అరగదీయండి. పికప్పు మరల తలలు తీగలకు సుమారు 3 మి.మీ. కింద ఉండాలి, మరీ దగ్గరైతే అయస్కాంతం తీగను లాగి, స్వరం అలలు అలలుగా వణుకుతుంది.

ఇప్పుడు బోల్టు సంగతి. తీగను మెట్టు మీదకు ఒత్తినప్పుడు అది కొద్దిగా సాగి స్వరం పెరుగుతుంది. దానికి పరిహారంగా అసలు బ్రిడ్జి 635 మి.మీ.కు రెండు నుంచి నాలుగు మి.మీ. అవతల ఉండాలి. పన్నెండో మెట్టుకు సరిగ్గా పైన తీగను వేలితో తాకీ తాకకుండా ఉంచి మీటితే గంటలా ఒక స్వరం వస్తుంది. తరువాత అదే మెట్టు దగ్గర ఒత్తి మీటండి. ఒత్తిన స్వరం హెచ్చుగా ఉంటే బోల్టును తోక వైపు, తగ్గుగా ఉంటే మెడ వైపు వెంట్రుకవాసి జరపండి. లావు తీగకు ఎక్కువ దూరం కావాలి కాబట్టి బోల్టు కొంచెం ఏటవాలుగా కూర్చుంటుంది. మూడూ కుదిరాక బోల్టు రెండు పక్కలా చెక్క మీద చాకుతో గీత గీసుకోండి, తీగలు మార్చేటప్పుడు దాని చోటు తెలియాలి.

కొత్త తీగలు రెండు మూడు రోజులు సాగుతూనే ఉంటాయి కాబట్టి మొదట్లో శ్రుతి దిగుతుంటే కీలను తప్పుపట్టవద్దు. వారం తరువాత లావు తీగను మొదటి మెట్టు దగ్గరా పదిహేనో మెట్టు దగ్గరా ఒకేసారి ఒత్తి, ఏడో మెట్టు దగ్గర సందు చూడండి. ఒక పోస్టుకార్డు దూరేంత సందు ఉంటే మెడ సరిగ్గా ఉంది. రెండు మిల్లీమీటర్లు కనిపిస్తే మెడ వంగుతున్నట్టు. తీగలను రెండు స్వరస్థానాలు దించి, లావు తీగ ఎఫ్‌కు వచ్చేలా శ్రుతి చేసుకుని వాయించండి. ఇవన్నీ కుదిరాకే చెక్కకు లక్క పాలిష్ పట్టించండి, మెట్లకు టేపు వేయడం మరచిపోకుండా.